నడుం మీద బస్తా దించండి



ఇవాళ నడుం గురించి మాట్లాడుకుందాం. మీకు వీలుంటే ఒక చిన్న పని చెయ్యండి. ఓ చాప తెచ్చుకుని నేలమీద వేసుకోండి. పక్కన ఓ కుర్చీ పెట్టుకోండి. కాసేపట్లో దాంతో పని పడుతుంది. కుదరనివాళ్ళు ఉన్నచోటే ఉండి వినండి. పరవాలేదు.

నేను మండపేటలో ఫిజియోథెరపీ చేస్తాను. మా ఊరి సంగతి మీకు తెలిసిందే. రైసు మిల్లులు, కోళ్ళ ఫారాలు. చుట్టూ వరిచేలు. కాస్త కిందికి దిగితే కొబ్బరితోటలు. ఇక్కడ ఏ పని చూసినా నడుంతోనే. మిల్లులో బస్తా మోసే కళాసీకి నడుమే ఆధారం. ఊడ్పుల్లో పొద్దస్తమానం వంగి ఉండే ఆడవాళ్ళకీ నడుమే ఆధారం. కొబ్బరి చెట్టెక్కే దింపు కార్మికుడికీ అంతే. కలువపువ్వు సెంటర్లో ఆటో నడిపే కుర్రాడికీ అంతే. మిల్లు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే గుమాస్తాగారు బస్తా మొయ్యరు. ఆయనకీ నడుం నొప్పే.

ఈ మధ్య వీళ్ళందరూ నన్ను ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. తలకిందులుగా వేలాడితే నడుం నొప్పి పోతుందట, నిజమేనా అండీ అని. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఫోన్లలో వీడియోలున్నాయి. ఎవరో కండలు తిరిగిన మనిషి. కాళ్ళు ఓ బల్లకి బిగించుకుంటాడు. బల్ల తిరగబడుతుంది. ఆయన గబ్బిలంలా వేలాడతాడు. కిందికి దిగి, హాయిగా ఉందంటాడు.

మొదట అడిగింది ఓ మిల్లు కళాసీ. నాకు బాబాయి వరస. వయసు యాభై దాటింది. ముప్ఫై ఏళ్ళుగా బస్తాలు మోస్తున్నాడు. నడుం ఓ చేత్తో పట్టుకుని, గుమ్మంలోంచే అడిగాడు. "పెరట్లో మామిడికొమ్మ ఉందిరా. మోకాళ్ళు తగిలించి వేలాడదామనుకుంటున్నాను. కోతికొమ్మచ్చి ఆడినవాణ్ణేగా" అన్నాడు.

ఆగు బాబాయ్ అన్నాను. ఆగమన్నాను గానీ, ఆయన మాట కొట్టిపారెయ్యలేదు. ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. ఆ సగం నిజం చాలా విలువైనది. అది చెట్టెక్కకుండానే మనకి దొరుకుతుంది. ఇవాళ నేను చెప్పబోయేది అదే.

ముందు, నడుంలో ఏముందో చూద్దాం.

వెన్ను అంటే ఒకటే ఎముక కాదు. చిన్న చిన్న పూసలు, ఒకదాని మీద ఒకటి. పూసకీ పూసకీ మధ్య ఓ మెత్త ఉంటుంది. దాన్నే డిస్కు అంటాం. మొత్తం 23 డిస్కులు. ఈ డిస్కు ఎలా ఉంటుందని అడిగితే, మా వైపు వాళ్ళకి చెప్పడం తేలిక. తాపేశ్వరం మడత కాజా చూశారుగా. మా ఊరి పక్కనే తాపేశ్వరం. పొర మీద పొర, పొర మీద పొర. డిస్కు చుట్టూ అలాగే పొరలు ఉంటాయి. పదిహేను నుంచి పాతిక దాకా. ఒక పొరలో పీచు ఇటు వాలి ఉంటే, పక్క పొరలో అటు వాలి ఉంటుంది. కొబ్బరిపీచంత గట్టిది. ఇక మధ్యలో ఏముంటుంది? కాకినాడ గొట్టం కాజా కొరికితే లోపలినుంచి పాకం వస్తుందే, అలా డిస్కు మధ్యలో జిగురుగా, నీళ్ళు పట్టి, మెత్తగా ఉంటుంది. బయట తాపేశ్వరం, లోపల కాకినాడ. అదీ డిస్కు.

ఇప్పుడు ఆ కాజాని వేళ్ళతో నొక్కండి. పాకం బయటికి వస్తుంది. వదిలేసి మళ్ళీ పాకంలో వెయ్యండి. పీల్చుకుంటుంది. మన డిస్కు కూడా పగలంతా నలిగి, నీరు కోల్పోతుంది. రాత్రి పడుకుంటే మళ్ళీ నీరు పీల్చుకుంటుంది. ఇది ఊహ కాదు. మీ ఇంట్లోనే కొలుచుకోవచ్చు. పొద్దున్న లేవగానే గోడకి ఆనుకుని నిలబడి, తల దగ్గర పెన్సిలుతో గీత గీయించుకోండి. సాయంత్రం మళ్ళీ గీయించుకోండి. సాయంత్రం గీత ఓ సెంటీమీటరో, ఒకటిన్నరో కిందికి ఉంటుంది. మనం రోజూ సాయంత్రానికి కాస్త పొట్టివాళ్ళం అవుతాం. తెల్లారేసరికి మళ్ళీ పొడుగవుతాం.

ఇంకో సంగతి. పెద్దవాళ్ళ డిస్కు లోపలికి రక్తనాళాలు వెళ్ళవు. మరి దానికి తిండి ఎలా అందుతుంది? చుట్టుపక్కల నుంచి ఊరి వచ్చే నీటితోనే. డిస్కు బతకాలంటే నలగడమూ కావాలి, వదలడమూ కావాలి. రెండూ కావాలి. పొద్దుటినుంచి రాత్రిదాకా నలగడమే ఉండి, వదలడం లేకపోతేనే దానికి కష్టం.

అయితే ఎప్పుడు ఎంత నలుగుతుంది? దీన్ని కొలిచినవాళ్ళు ఉన్నారు. స్వీడన్ దేశంలో నాకెమ్‌సన్ అని ఓ ఎముకల డాక్టరుగారు. 1960లలో ఆయన బతికున్న మనుషుల డిస్కులోకి సన్నని సూది పంపి, లోపలి ఒత్తిడి కొలిచారు. అందుకు ఒప్పుకున్నవాళ్ళకి దణ్ణం పెట్టాలి. ఆయన లెక్కని రూపాయల్లో చెబుతాను, గుర్తుంటుంది. నిలబడితే నడుం డిస్కు మీద వంద రూపాయల బరువు అనుకోండి. ముందుకి వంగితే నూటయాభై. వంగి బరువు ఎత్తితే రెండు వందలు దాటుతుంది. మరి వెల్లకిలా పడుకుంటే? పాతిక రూపాయలు.

మళ్ళీ చెబుతాను. నిలబడితే వంద. వంగి బరువెత్తితే రెండు వందల పైన. పడుకుంటే పాతిక.

1999లో జర్మనీలో మళ్ళీ కొలిచారు. కూర్చోవడం విషయంలో వాళ్ళ లెక్క కాస్త వేరుగా వచ్చింది. కానీ పడుకుంటే బాగా తగ్గుతుందన్నది అలాగే నిలిచింది. వాళ్ళ లెక్కలో నిలబడినప్పటి ఒత్తిడిలో అయిదోవంతే. ఇంకోటి కూడా చూశారు. 20 కిలోల బరువు నడుం వంచి ఎత్తితే, నిలబడినప్పటికంటే నాలుగు రెట్లు దాటింది. అదే బరువు మోకాళ్ళు వంచి ఎత్తితే ఆ ఒత్తిడి నాలుగోవంతు తగ్గింది.

20 కిలోలకే ఇంత. మన ధాన్యం బస్తా ఎంత? 75 కిలోలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో ఓ సిఫార్సు చేసింది. మగవాడు మోసే బరువు 55 కిలోలు దాటితే దాన్ని తగ్గించే ఏర్పాటు చెయ్యాలని. అది జరిగి అరవై ఏళ్ళు కావస్తోంది. మిల్లు యజమానులు కూడా ఈ ప్రసంగం వింటూ ఉండవచ్చు. మీకు నా మనవి ఒకటే. ట్రాలీ పెట్టండి. కన్వేయరు బెల్టు పెట్టండి. బస్తా బరువు తగ్గించే వీలుంటే తగ్గించండి. నేను నేర్పే ఏ వ్యాయామమూ 75 కిలోల బస్తాకి సమాధానం కాదు. ఆ మాట చెప్పకుండా కళాసీలకి ఆసనాలు నేర్పడం నాకు న్యాయంగా అనిపించదు.

సరే, ఇక వేలాడటం దగ్గరికి వద్దాం.

మనిషి తలకిందులుగా వేలాడితే ఏమవుతుంది? 60 కిలోల మనిషి అనుకోండి. నడుం పై భాగం, అంటే ఛాతీ, చేతులు, తల కలిపి సగానికి పైనే ఉంటాయి. మామూలుగా నిలబడితే ఆ బరువంతా నడుం మీద కూర్చుంటుంది. తలకిందులైతే అదే బరువు నడుముని కిందికి లాగుతుంది. నొక్కే బరువు లాగే బరువు అవుతుంది. పూసల మధ్య కాస్త చోటు దొరుకుతుంది. కండరాలు సాగుతాయి. అందుకే వేలాడినవాళ్ళు హాయిగా ఉందంటారు. అబద్ధం కాదు. ఇదే నేను చెప్పిన సగం నిజం.

ఈ ఆలోచన కొత్తదీ కాదు. గ్రీకు దేశంలో హిప్పోక్రటిస్ అనే మహా వైద్యుడు ఉండేవారు. రెండువేల నాలుగువందల ఏళ్ళ కిందటి మాట. అప్పటికే కొందరు వైద్యులు గూని ఉన్నవాళ్ళని నిచ్చెనకి కట్టి, తలకిందులు చేసి, ఎత్తునుంచి దడేలున కిందికి వదిలేవారు. జనం మూగి చూసేవారు. హిప్పోక్రటిస్ ఆ పద్ధతిని రాసిపెట్టారు. రాసిపెట్టి, ఇలా జనం ముందు విడ్డూరంగా చేసే వైద్యులంటే తనకి గౌరవం లేదన్నారు. ఆ పెద్దాయన ఇవాళ మన ఫోను వీడియోలు చూస్తే ఏమనేవారో అనుకుంటూ ఉంటాను.

మన దేశంలోనూ తలకిందులు పాతదే. హఠయోగంలో విపరీతకరణి ఉంది. పుణేలో బి.కె.ఎస్. అయ్యంగారు గోడకి తాళ్ళు కట్టించి, తుంటి దగ్గర ఆధారం ఇచ్చి, శిష్యుల్ని తలకిందులుగా వేలాడనిచ్చేవారు. పక్కన గురువు ఉండేవాడు. తాడు తుంటిని పట్టేది, చీలమండని కాదు. ఆ తేడా గమనించండి.

ఇక్కడ ఓ పొరపాటు చాలామంది చేస్తున్నారు. వేలాడటమూ, శీర్షాసనమూ ఒకటే అనుకుంటున్నారు. ఒకటి కాదు. వేలాడితే నడుం సాగుతుంది. శీర్షాసనంలో తల నేలకి ఆనుతుంది. ఒళ్ళంతా మెడ మీదికీ, భుజాల మీదికీ వస్తుంది. నడుం సాగదు. మెడ నలుగుతుంది. నడుం నొప్పి పోతుందని గోడ పక్కన శీర్షాసనం వేస్తే, నడుం నొప్పి అలాగే ఉండి, మెడ నొప్పి తోడవుతుంది.

మరి వైద్యులు పరీక్షించి చూశారా? చూశారు. ఇంగ్లండులో న్యూకాసిల్ ఊళ్ళో ఓ చిన్న పరిశీలన చేసి, 2012లో ప్రచురించారు. ఒక డిస్కు ఉబ్బి, నరం నొక్కుకుని, కాల్లోకి నొప్పి పాకినవాళ్ళు. ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు. వాళ్ళలో పదముగ్గురిని బల్లమీద తలకిందులు చేస్తూ వచ్చారు. పదిమందికి ఆపరేషన్ అవసరం పడలేదు. అలా చెయ్యనివాళ్ళలో అయిదుగురిలో ఒకరికి మాత్రమే తప్పింది. వినడానికి గొప్పగా ఉంది. కానీ పదముగ్గురే. మా ఊరి మిల్లులో ఒక జట్టుకి ఉన్నంతమంది కూడా లేరు. పదముగ్గురిని చూసి ఊరందరికీ చెప్పకూడదు.

పెద్ద లెక్క ఇంకోటి ఉంది. ఆస్పత్రిలో నడుముకి బరువు కట్టి లాగుతారే, ట్రాక్షను. దానిమీద జరిగిన 32 పరిశీలనల్ని 2013లో ఒకచోట పెట్టి చూశారు. అన్నిట్లో కలిపి రెండువేల ఏడువందల మందికి పైగా రోగులు. తేలిందేమిటంటే, మామూలు నడుం నొప్పికి లాగడంవల్ల పెద్దగా తేడా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో నడుం నొప్పి మీద మార్గదర్శకాలు ఇచ్చింది. నెలల తరబడి సాగే నడుం నొప్పికి ట్రాక్షను వద్దంది. వ్యాయామం మంచిదంది. నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పడం మంచిదంది. 2020లో ప్రపంచంలో 61 కోట్ల 90 లక్షల మందికి నడుం నొప్పి ఉందని కూడా అదే సంస్థ చెప్పింది. మీరు ఒంటరివారు కారు.

లాగితే హాయి వస్తుంది కదా, మరి నొప్పి ఎందుకు పోదు? ఎందుకంటే కిందికి దిగి నిలబడగానే బరువు మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. సాగినది మళ్ళీ సద్దుకుంటుంది. ఇంకో వింత చెబుతాను. ఆకాశంలో తిరిగే వ్యోమగాములకి బరువే ఉండదు. వాళ్ళ వెన్ను సాగి, కొందరు అయిదు సెంటీమీటర్ల దాకా పొడుగవుతారు. మరి వాళ్ళ నడుం హాయిగా ఉండాలి కదా? లేదు. చాలామందికి అక్కడ నడుం నొప్పి వస్తుంది. భూమికి తిరిగొచ్చాక డిస్కు జారే ప్రమాదం కూడా ఎక్కువ. డిస్కు మరీ నీరు పట్టి ఉబ్బుతుందని ఓ అంచనా. కండరాలు బలహీనపడతాయి. పాకంలో నానబెట్టిన కాజా ముట్టుకుంటే విరిగిపోయినట్టు. నలగడమూ కావాలి, వదలడమూ కావాలి అన్నానే, అదిగో, అదీ సంగతి.

ఇప్పుడు ప్రమాదం మాట. ఇది శ్రద్ధగా వినండి.

తలకిందులైతే రక్తం తలకి దిగుతుంది. కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. ఎంత పెరుగుతుంది? చెన్నై శంకర నేత్రాలయలో శీర్షాసనం వేసే 75 మందిని పరీక్షించి, 2006లో ప్రచురించారు. ఆసనంలో ఉన్నంతసేపూ కంటి ఒత్తిడి రెండింతలైంది. రెండింతలు. నీటికాసుల జబ్బు ఉన్న కంటికి అది మంచిది కాదు. ఆ జబ్బు చాలామందిలో ఉన్నట్టే తెలియదు. నొప్పి ఉండదు, చూపు అంచులనుంచి నెమ్మదిగా పోతుంది. కాబట్టి నాకేం లేదులే అనుకోకండి.

మీ ఇంట్లోవాళ్ళని ఒక్కొక్కరినీ తలుచుకోండి. నాన్నగారికి బీపీ ఉంది. ఆయన తలకిందులు కాకూడదు. మావయ్యకి గుండెలో స్టెంటు వేశారు. ఆయనా కాకూడదు. నాయనమ్మకి ఎముకలు గుల్లబారాయి. ఆవిడ సంగతి చెప్పనక్కర్లేదు. అక్కకి నెల తప్పింది. వద్దు. అన్నయ్యకి ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు. ఆయనకీ పడదు. ఒకసారి పక్షవాతం వచ్చి తగ్గినవాళ్ళకి అసలే వద్దు. చూడండి, ఇంట్లో ఎవరు మిగిలారు? పాతికేళ్ళ తమ్ముడు మిగిలాడు. అతనికి నడుం నొప్పే లేదు.

ఇక మామిడికొమ్మ. గబ్బిలం వేలాడగలదు. దాని కాలివేళ్ళలో స్నాయువులు, అది వేలాడగానే దాని బరువుకే తాళం పడినట్టు బిగుసుకుంటాయి. నిద్రపోయినా పట్టు జారదు. మనకి అలాంటి తాళం లేదు. మోకాళ్ళు తగిలించి వేలాడితే, పట్టు జారిన క్షణం ముందుగా నేలకి తగిలేది తల. తర్వాత మెడ. చీలమండలు కట్టుకుంటే ఇంకో చిక్కు. కళ్ళు తిరిగితే లేచి ముడి విప్పుకోలేరు. ఒంటరిగా ఉన్నారంటే పిలిస్తే పలికేవాళ్ళు ఉండరు. నేను బాబాయిని ఆగమన్నది అందుకే.

మరి ఆ సగం నిజం? దాన్ని ఎలా అందుకోవాలి?

ఇప్పుడు చాప మీదికి రండి. వెల్లకిలా పడుకోండి. రెండు పిక్కలూ కుర్చీ మీద పెట్టండి. కుర్చీ లేకపోతే మంచం మీద. మంచమూ లేకపోతే ఊకబస్తా మీద. తొడలు నిటారుగా పైకి ఉండాలి. మోకాలి దగ్గర కాలు మడత పడాలి. గోడకీ నేలకీ మధ్య మూల ఉంటుందే, అలా. తలకింద పల్చటి దిండు, లేదా మడతపెట్టిన తువ్వాలు. చేతులు పక్కకి వదిలెయ్యండి. అంతే.

ఇందులో ఏముంది అంటారా? తొడల్ని నడుముకి కట్టిపడేసే ఓ పెద్ద కండరం ఉంది. అది లోపలివైపునుంచి నడుం పూసలకే అతుక్కుని ఉంటుంది. కాళ్ళు చాపి పడుకుంటే అది నడుముని కొంచెం లాగుతూనే ఉంటుంది. పిక్కలు కుర్చీ మీద పెడితే ఆ కండరం వదులవుతుంది. నడుం వంపు మెల్లగా నేలకి ఆనుతుంది. మీకే తెలుస్తుంది. రెండు మూడు నిమిషాలకి, ఎవరో నడుం మీదనుంచి బస్తా దించినట్టు ఉంటుంది. డిస్కు మీద వంద రూపాయల బరువు పాతికకి వచ్చింది. తల కిందికి పోలేదు. కంటికి ఒత్తిడి లేదు. జారిపడే భయం లేదు. నాయనమ్మ కూడా చెయ్యొచ్చు.

పది నుంచి పదిహేను నిమిషాలు. రోజుకి రెండుసార్లు. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం పని దిగాక ఒకసారి. మళ్ళీ చెబుతాను. పిక్కలు కుర్చీ మీద, నడుం నేలమీద, పదిహేను నిమిషాలు, రెండుసార్లు. నెల తప్పినవాళ్ళు మాత్రం నాలుగో నెల దాటాక ఇలా వెల్లకిలా వద్దు. ఎడమవైపు తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని పడుకోండి.

రోజంతా పడుకోమని నేను అనడం లేదు. అది ఇంకో పొరపాటు. నడుం పట్టేసిందని వారం పది రోజులు మంచం దిగకపోతే, కండరం పల్చబడి నొప్పి ముదురుతుంది. పదిహేను నిమిషాలు దించండి. లేచి నడవండి. పుంతలోనో, కాలవగట్టు మీదో, పావుగంట. నడుస్తుంటే డిస్కు నలుగుతుంది, వదులుతుంది, నలుగుతుంది, వదులుతుంది. దానికి అదే భోజనం.

బాబాయికి ఇదంతా మా గదిలో చాప మీద చూపించాను. పక్కన పిన్ని కూడా ఉంది. ఆవిడ సార్వాలోనూ దాళ్వాలోనూ ఊడ్పులకి వెళ్తుంది. చివరిదాకా ఏమీ మాట్లాడలేదు. అంతా అయ్యాక నెమ్మదిగా అడిగింది. "మరి ఆడవాళ్ళం పట్టపగలు కాళ్ళు పైకెత్తి పడుకుంటే బాగుంటుందా నాయనా?" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆవిడకీ నడుం నొప్పే. పదేళ్ళనుంచి. ఆ మాట బాబాయికి కూడా తెలియదు. పగలు పడుకుంటే ఇంట్లో లక్ష్మి నిలవదని మన ఇళ్ళల్లో అంటారు. కోడలు నడుం వాల్చిందంటే బద్ధకం అంటారు. తెల్లారకుండా లేచి, వంట చేసి, చేలో మోకాళ్ళలోతు బురదలో వంగి, ఇంటికొచ్చి మళ్ళీ అంట్లగిన్నెల ముందు వంగి. ఆ నడుముకి పగలంతా ఒక్కసారైనా బరువు దిగదు. వంగినంతసేపూ నూటయాభై రూపాయలు. గంటకి నూటయాభై, పూటకి నూటయాభై. మగవాళ్ళు మధ్యాహ్నం మిల్లు షెడ్డులో తలగుడ్డ పరుచుకుని పడుకుంటారు. ఎవరూ ఏమీ అనరు. ఈవిడ పడుకోకూడదు.

అత్తగార్లూ, మావగార్లూ, భర్తలూ, కొడుకులూ, మీతోనే చెబుతున్నాను. ఇంట్లో ఆడమనిషి మధ్యాహ్నం పావుగంట పిక్కలు కుర్చీ మీద పెట్టుకుని పడుకుంటే, తలుపు దగ్గరగా వేసి, ఆ పావుగంట ఎవరూ పిలవకండి. మంచినీళ్ళు మీరే ముంచుకోండి. అది బద్ధకం కాదు. వైద్యం.

చేలో ఉన్నప్పుడు కూడా ఓ మార్గం ఉంది. అరగంటకోసారి నిటారుగా లేవండి. రెండు చేతులూ నడుం వెనక ఆనించి, నెమ్మదిగా వెనక్కి వాలండి. అయిదుసార్లు. ముఠామేస్త్రి కసురుకుంటే, ఆయన్నీ వాలమనండి. ఆయనకీ నడుం ఉంది.

మామిడికొమ్మ సంగతి కూడా తేల్చాలి. బాబాయి ఆ కొమ్మని వదల్లేదు. వదలమని నేనూ అనలేదు. చేతులతో పట్టుకోమన్నాను. కాళ్ళు కిందే, మునివేళ్ళు నేలకి ఆనే ఉంటాయి. మోకాళ్ళు కొంచెం వంచి, ఒళ్ళు బరువు సగం చేతులకి వదలాలి. పది లెక్కపెట్టేదాకా. అప్పుడు నడుం కింది భాగం, కాళ్ళు నడుముని కిందికి లాగుతాయి. తల పైనే ఉంటుంది. అదీ వేలాడటమే, తల కిందకి పోకుండా. భుజం నొప్పి ఉన్నవాళ్ళు ఇది చెయ్యకండి. కొమ్మ గట్టిదో కాదో ముందు చూసుకోండి.

కొంతమందికి ఫిజియోథెరపిస్టు దగ్గర వాలుబల్ల మీద తల కొంచెం కిందికి దించి సాగదీయడం పనికొస్తుంది. ముప్ఫై డిగ్రీల వాలులో, నిలువునా వేలాడినప్పటి లాగుడులో సగం వచ్చేస్తుంది. నిలువునా వేలాడక్కర్లేదు. కానీ అది బీపీ చూసి, కళ్ళు చూపించుకుని, పక్కన మనిషి ఉండగా చేసే పని. బల్ల కొని ఇంట్లో పెట్టుకుని ఒక్కరే చేసేది కాదు.

ఇప్పుడు ఇంకో ముఖ్యమైన మాట. నడుం నొప్పి వచ్చిన పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి ప్రమాదకరమైన జబ్బేమీ ఉండదు. కొత్తగా వచ్చిన నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. కానీ కొన్ని గుర్తులు కనిపిస్తే చాప, కుర్చీ, కొమ్మ అన్నీ పక్కనపెట్టి, ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళండి. మూత్రం బిగబట్టినట్టు రాకపోవడం, లేదా తెలియకుండా పోవడం. సైకిలు సీటు ఆనే చోట తిమ్మిరెక్కి స్పర్శ పోవడం. కాలు ఈడ్చుకుపోవడం, పాదం పైకి లేవకపోవడం. ఈ మూడూ నరం గట్టిగా నొక్కుకుందని చెప్పే గుర్తులు. రేపు చూద్దాంలే అనుకుంటే ఆ కాలు మళ్ళీ రాకపోవచ్చు. చెట్టుమీదనుంచి పడ్డాక వచ్చిన నొప్పి, జ్వరంతో కూడిన నొప్పి, కారణం లేకుండా ఒళ్ళు తగ్గిపోతూ వచ్చే నొప్పి, ఇవి కూడా వెంటనే చూపించుకోవాల్సినవే. దింపు తీసే అన్నదమ్ములారా, చెట్టుమీదనుంచి జారినప్పుడు, లేచి నడవగలిగాను కదా అని ఊరుకోకండి. ఎక్స్‌రే తీయించుకోండి.

బాబాయి మొన్న కనబడ్డాడు. నొప్పి పూర్తిగా పోయిందని నేను చెప్పను. బస్తా ఇంకా 75 కిలోలే. కానీ రాత్రిళ్ళు నిద్ర పడుతోందన్నాడు. మధ్యాహ్నం కారియరు తినేశాక, షెడ్డులో ఊకబస్తా మీద పిక్కలు పెట్టుకుని పడుకుంటున్నాడట. మొదట్లో జట్టులోవాళ్ళు నవ్వారట. ఇప్పుడు నలుగురైదుగురు వరసగా అలాగే పడుకుంటున్నారట. పిన్ని ఎలా ఉందని అడిగాను. "మీ పిన్ని తలుపేసుకుని పడుకుంటోంది. ఆ పావుగంట వీధి అరుగు మీద నేను కాపలా" అన్నాడు.

నాకు ఇచ్చిన సమయం అయిపోవచ్చింది. మొదట్లో చాప వేసుకున్నవాళ్ళు ఇంకా పిక్కలు కుర్చీ మీదే పెట్టుకుని ఉంటే, దిగ్గున లేవకండి. ముందు కాళ్ళు కిందికి దించండి. మోకాళ్ళు మడిచి, ఓ పక్కకి ఒత్తిగిలండి. చేత్తో నేలని నొక్కి, నెమ్మదిగా కూర్చోండి. రెండు ఊపిర్లు తీసుకోండి. ఇప్పుడు లేవండి.